పులుపు లేని పుంటికూర

నర్సరీ మేళా ఆఖరి రోజు, సర్దేసుకునే వేళ
సగం ధరకి ఇచ్చాడు.
"జపాన్ మేపుల్ సార్. కొండల్లో పెరిగింది.
ఇక్కడ బతుకుతుందని నేను రాసివ్వను."
రాసివ్వమని నేనూ అడగలేదు.
స్కూటర్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని
తార్నాక దాటి, మౌలాలి కమాను దాటి
సైనిక్‌పురి దాకా
ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దానికి సారీ చెప్పుకుంటూ వచ్చాను.

మర్నాడు పనికొచ్చిన సాయమ్మ
ఒక ఆకు తుంచి, నమిలి, ఉమ్మేసింది.
"గిదేం పుంటికూర సారూ, పులుపే లేదు."
పక్కింటి పరాంకుశంగారు గోడ మీంచి చూసి
గొంతు బాగా తగ్గించి
"ఇది... ఆ మొక్క కాదు కదా?" అన్నారు.

నేలలో నాటుదామని గునపం వేస్తే
జానెడు లోతులో ఠంగుమంది.
ఈ ఊళ్లో ఎవరు పాతుకోవాలన్నా
ముందు రాయితో మాట్లాడుకోవాలి.
పగిలిన సిమెంటు గోళెం ఒకటుంటే
తూర్పు గోడకి ఆనించి, పైన పచ్చ వల కట్టి
అందులో పెట్టాను.

ఏప్రిల్లో ఆకులు మాడాయి,
నిప్పుల మీద అప్పడంలా, అంచుల నుంచి లోపలికి.
ఎండే అనుకున్నాను.
గోళెం చుట్టూ తెల్లటి చార కట్టాక తెలిసింది:
బోరు నీళ్లు.
మా బకెట్లు, కుళాయిలు, నా కిడ్నీలో రాయి
అన్నిటికీ పెద్దదిక్కు ఆ నీళ్లే.

ఏసీ బాగుచేయడానికొచ్చిన ఖలీల్
పైపు చివర కారుతున్న చుక్కని వేలితో అందుకున్నాడు.
"ఇందులో ఉప్పుండదు సాబ్. హవాలోంచి పిండిన పానీ."
ఆ రోజు నుంచీ
మా పడకగది గాలి,
మా గురక, మాటలు, మాట్లాడుకోని రాత్రుల ఆవిరి
చుక్క చుక్కగా బకెట్లో పడి
తెల్లారేసరికి చెట్టుకి చేరుతోంది.
సుభాషిణి ఇరవై ఆరులో పెడుతుంది,
నేను లేచి ఇరవై మూడుకి తగ్గిస్తాను.
"చల్లదనం మీకా, చెట్టుకా?"
నిద్రపోయినట్టు నటిస్తాను.

శరత్తులో ఎర్రబడుతుందని పుస్తకంలో ఉంది.
మూడు కార్తీకాలు చూశాను.
పచ్చగా ఉండి ఉండి, తుప్పు రంగై
చప్పుడు లేకుండా రాలిపోయింది.

మాఘంలో మాత్రం,
చచ్చిందేమోనని నేను గోటితో గీరి చూసిన కొమ్మకే
కందిగింజంత ఎరుపు.
రెండ్రోజులకి వేళ్లు విప్పింది,
పురిటి గదిలో పిడికిలి విడినట్టు.
గోడవతల పరాంకుశంగారి మామిడి
అదే వారం, అదే రంగు చిగురు.
అక్కడ వెళ్లేటప్పుడు ఎర్రబడతాయట,
ఇక్కడ వచ్చేటప్పుడు.
దీనికెవరు చెప్పారో
అడగడానికి నాకు జపాను భాష రాదు.

సాయమ్మ చీపురు గోడకానించి చాలాసేపు చూసింది.
"గిప్పుడైతే పుల్లగుంటది గావచ్చు" అంది.
తుంచలేదు.