ఎర్తు తీగ

పుదుపేటలో మధ్యాహ్నం మూడింటికి
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను.
కాళ్లు రోడ్డు మీద, తల స్టాండర్డ్ హెరాల్డ్ కడుపులో.
నోట్లో టార్చి. అందుకే ఎవరేమడిగినా
ఊ, ఊహూఁ: రెండే జవాబులు.

రంగరాజులుగారి బండికి రెండు ముళ్లూ అబద్ధాలకోర్లు.
ట్యాంకు ఎండిపోయినా పెట్రోలు ముల్లు
నిండుకుండనే అంటుంది, తొణకదు.
తాళం తిప్పిన కాసేపటికే
వేడి ముల్లు ఎర్రగీతలోకి పోయి కూర్చుంటుంది.
రేడియేటర్ రెండుసార్లు మార్చారట.
ఆఖరికి ఇంజను తల విప్పించి గాస్కెట్టూ వేయించారట.
"అయినా ఉడుకుతోంది నాయనా" అంటారు,
చన్నీళ్ల సీసా చంకలో పెట్టుకుని.

ఉడకటం లేదు. చెయ్యి పెట్టి చూశాను.
జ్వరం లేని బిడ్డ నుదురు.

యాభై ఏళ్లు దాటిన తీగలు.
పైబట్ట వేలు తగిలితే పొడిపొడిగా కళ్లలో రాలుతుంది.
రంగులు మాసినా వరసలు తప్పలేదు:
గోధుమది తాళం తీసేసినా మేలుకునే ఉంటుంది,
తెల్లది తిప్పితేనే కళ్లు తెరుస్తుంది,
ఆకుపచ్చలో నల్లచార ట్యాంకు దగ్గరికి,
ఆకుపచ్చలో నీలిచార ఇంజను దగ్గరికి.
నల్లది ఒక్కటే ఎక్కడికీ పోదు.
బండి ఒంటినే పట్టుకుని ఉంటుంది.
షంషుద్దీన్ మేస్త్రి అనేవాడు:
"దీపం వెలగలేదని దీపాన్ని తిట్టకురా,
ముందు దాని కాలు నేల మీద ఉందో లేదో చూడు."

మీటర్ల వెనక అగ్గిపెట్టెంత రేకుడబ్బా,
పన్నెండు వోల్టులు మింగి పదే వదలాల్సింది,
దాని కాలు నేల మీద లేదు.
నల్లతీగని ఎవడో స్క్రూకి బిగించాడు,
కింద పెయింటు గీకకుండా.
పన్నెండుకి పన్నెండూ ముళ్ల మీదే పడుతున్నాయి.
అవి మాత్రం ఏం చేస్తాయి, పాపం.

ఏ గాడిదరా ఈ పని చేసిందని తిట్టాను.
టార్చి అడ్డుపడి ఉఊఊ అని వినిపించింది.
ముక్కాలి పీట మీంచి ఆండాళమ్మగారు
"ఏం బాబూ, షాకు కొట్టిందా?" అన్నారు.

అప్పుడు కనపడింది అతుకు.
టేపు లేదు. ఊదారంగు దారం,
దగ్గర దగ్గరగా చుట్టి
చివర పంటితో కొరికిన ముడి.

మా అమ్మ మిషను మీది కండె.
ఆ ఏడు ఏదో కాన్వెంటు యూనిఫారాలు కుట్టేది,
మా అన్నంలో కూడా ఊదా దారాలే వచ్చేవి.
నాకు పదమూడేళ్లు.
టేపుకని మేస్త్రి ఇచ్చిన రెండు రూపాయలూ
పరోటా అయి కడుపులో ఉన్నాయి.
ఉప్పుకాగితం చేతిలోనే ఉంది గానీ
కూవం గట్టున మాంజా పందెం మొదలైంది.
స్క్రూ బిగించి పరిగెత్తాను.

బయట రంగరాజులుగారు ఎవరికో చెబుతున్నారు:
"ఈ ముల్లు చూసే తాంబరం దాటలేదండీ ఎప్పుడూ.
వేడంతాంగల్ కొంగల్ని చూపిస్తానని ఈవిడకి మాటిచ్చి
ముప్పై ఎనిమిదేళ్లు."
"కొంగలకేం" అన్నారావిడ, "ఏటేటా వస్తూనే ఉన్నాయిగా."

చెప్పాలనుకున్నాను.
నోట్లో టార్చి ఉంది.
తీశాక కూడా ఉన్నట్టే ఉంది.

పెయింటు గీకాను, ఇనుము తెల్లగా నవ్విందాకా.
ఇంకొంచెం గీకాను.
టేపు రెండు చుట్లు ఎక్కువే వేశాను.
తాళం తిప్పితే ముళ్లు లేవటానికి తొందరపడలేదు,
నిద్ర లేచిన ముసలివాళ్లలా
ఒకటి మధ్యకి వచ్చి ఆగింది.
ఒకటి పావు దగ్గర.

"అయ్యో, ఇంతేనా పెట్రోలు?" అన్నారాయన,
బండి పాడైపోయినంత బాధగా.

బిల్లులో బల్బులు రెండు రాశాను, ఫ్యూజు ఒకటి.
మూడో వరసలో పెన్ను కాసేపు ఆనించి తీసేశాను.
కాగితం మీద చుక్క మిగిలింది.

ఆండాళమ్మగారు ముందుసీట్లో కూర్చుని
చీర చెంగు తలుపులో పడకుండా లాక్కుంటూ అడిగారు:
"ఇది అక్కడిదాకా సరిపోతుందా?"

ఊహూఁ, అన్నాను.
మౌంటు రోడ్డు బంకులో పోయించుకోండి.