ఒక వేలు సందు

నరసన్నపేట పెళ్లిలో ఆడాళ్లంతా
ఒకే హాల్లో జంపఖానాల మీద వరసగా పడుకుంటే
నేను గోడకి జారబడి తెల్లార్లూ కూర్చున్నాను.
"నిద్ర పట్లేదేటి వొదినా?" అంది వరహాలమ్మ.
పట్టకేం. పడితే వినపడిపోతాది.

మగాడి గురకని ఇంట్లోవాళ్లు జోకు చేసుకుంటారు.
ఆడదాని గురకకి తలుపేస్తారు.

గురక ఒక్కటే అయితే సరే, మధ్యలో ఊపిరి ఆగిపోవడం ఉందట.
గంటకి ముప్పై ఎనిమిది సార్లు.
వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు కట్టి ఒక రాత్రంతా లెక్కపెట్టి
డాక్టరమ్మ కాగితం మీద చూపించింది:
గీత నడుస్తూ నడుస్తూ దారం తెగినట్టు ఆగి
మళ్లీ ఎక్కడో అందుకుని పోతోంది.
అలాంటి కుట్టు నా మిషను వేస్తే
మొత్తం విప్పి మళ్లీ వేస్తాను.
పట్టపగలు కాజాలు కుడుతూ
సూది చేతిలో ఉండగానే ఎందుకు తూలిపోతున్నానో
అప్పుడు తెలిసింది.

చిట్టీ రెండు నెలలు ముందే పాడుకుని
డే అండ్ నైట్ కూడలి దాటాక, మందుల షాపు మేడ ఎక్కాను.
తవిటినాయుడు మాస్కులు బల్ల మీద పరిచాడు.
గుంటడికి పాతికేళ్లుండవు.
నోరూ ముక్కూ కలిపి మూసేది ఒకటి,
పెట్టుకోగానే కొత్త కుండలో తల దూర్చినట్టుంది.
ముక్కు ఒక్కదానికే టోపీలాంటిది ఇంకోటి.
మూడోదానికి ఏమీ లేదు,
ముక్కు రంధ్రాల కింద రెండు మెత్తటి మొగ్గలు, అంతే.
అట్టముక్క స్కేలు నా ముక్కుకి ఆనించి
"మీడియం" అన్నాడు.
ముప్పై ఏళ్లుగా ఊరందరి కొలతలూ రాసుకున్నదాన్ని,
నాకే ఒక సైజుందని ఆ రోజు విన్నాను.

టోపీదే నప్పింది అనుకున్నాం. మిషను వేశాడు.
ఎడం పక్క నుంచి సన్నగా ఈల.
పట్టీ లాగాడు. ఈల. ఇంకా లాగాడు.
చెంప మీద గాడి పడింది గాని ఈల ఆగలేదు.
"ముక్కుపుడక తీసీయాలమ్మా."

ఆయన పోయిన పదకొండో రోజున
గాజులిచ్చాను, మెట్టెలిచ్చాను.
దీని మీద చెయ్యి వేసిన పెద్దావిడ మాత్రం
నా మొహం చూసి చెయ్యి తీసేసింది.
ఈ గుంటడికి అదంతా ఏం చెప్తాను.
"మూడోది పెట్టు" అన్నాను.

మొగ్గలు ఆనించి బిగించబోతే చెయ్యి పట్టుకున్నాను.
"ఒరే బావూ, బిగువు వేరు, కుదరడం వేరు.
చేతులు పైకెత్తించి చూడకుండా జాకెట్టు ఇచ్చేస్తానేటి నేను?
ముందు పడుకోబెట్టి చూడు."
పడుకున్నాను. వెల్లకిలా పడుకుంటే
మొహం మరో మొహం అయిపోతుంది,
బుగ్గలు చెవుల వైపు జారిపోతాయి.
పట్టీ రెండు గళ్లు వదిలాం.
కింద నా చూపుడువేలు దూరింది.
ఈల లేదు.

అలాగని ఆ రాత్రి గెలిచానని కాదు.
రెండింటికి లేచి విసిరికొట్టాను.
మర్నాడు ముక్కు కొసన మంట.
ఆ మర్నాడు నోరు తెరుచుకుని, గాలంతా నోట్లోంచి పోయి
నాలుక అట్టముక్కయింది.
గడ్డం కిందకి ఒక పట్టీ నేనే కుట్టుకున్నాను,
ఎవరి లాల్చీదో మిగిలిన పొందూరు ఖద్దరు.
చెంప దగ్గర రాసుకునే చోట అదే గుడ్డతో లైనింగు,
చేతికుట్టు, ముడులు బయటికి.

ఆరో రాత్రో ఏడో రాత్రో
ఏం జరిగిందో చెప్పలేను. నిద్రపోయాను కదా.

పొద్దున్న షాపు తీసేసరికి ఒక కాలేజీ పిల్ల.
"ఆంటీ, చెంప మీద ఆ గీతేంటి?"
"కొలత" అన్నాను.
టేపు చుట్టగానే ఊపిరి బిగపట్టి
పొట్ట లోపలికి లాక్కుంది, అందరూ చేసే పనే.
"ఇంకొంచెం టైటుగా ఆంటీ."
"వదులు" అన్నాను. "ఊపిరి నిండా తీసుకో. ఆఁ, ఇప్పుడు."
టేపు కింద నా వేలు పెట్టి
అంకె రాసుకున్నాను.