కోడు నంబరు ఏడు

హైమావతి గారు మా కాటాకాడికి మొదటిసారి వచ్చినప్పుడు
కంప్యూటరు గోనెసంచిలో ఉంది.
లూనా వెనక తాడేసి కట్టి
ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా
రాళ్ళ లారీల మధ్య, దుమ్ములో.
"ఖాజావలీ, ఇక్కడ కరెంటు ఎప్పుడు పోద్ది?"
అదీ ఆమె అడిగిన మొదటి మాట.
ఎప్పుడొస్తుందో అడగండి మేడమ్, అన్నాను.

కర్నూలు రోడ్డులో జిరాక్సు షాపు పైన ఒంటిగది.
అక్కడ రాసిందా ప్రోగ్రాము.
రాయి పొడవు, వెడల్పు, ఎత్తు,
జీరు ఉందా, మచ్చ ఉందా,
డీజిలెంత తాగింది, డ్రిల్లు బిట్లెన్ని అరిగాయి,
ఏ లారీ ఏ రాత్రి ఏ రేవుకి పోయింది
అన్నీ చెప్పేది.
కూలీల మస్టరు కూడా అందులోనే.
సెలవైతే రెండు కొట్టాలి, దెబ్బ తగిలితే నాలుగు,
మానేస్తే ఏడు.
ఏడు కొడితే పేరు తెర మీంచి పోయేది.
నేనే కొట్టేవాణ్ణి,
రెండో చేతిలో టీ గ్లాసుతో.

ఒంటిగది మూడంతస్తులైంది.
రాజస్థాన్ పాలరాయి కూడా ఆమె లెక్కల్లోకే వచ్చింది.
ఇరవయ్యేళ్ళకి పూణే వాళ్ళెవరో కంపెనీ కొన్నారు.
ఎంతకో పేపర్లో వేశారు, సున్నాలు లెక్కపెట్టుకున్నాం.
ఇక ఊరు మొదలెట్టింది:
కల్యాణ మండపమంట, మాలకొండ సామికి వెండి తలుపులంట,
కాదు, ఎమ్మెల్యే టిక్కెట్టంట.

ఆమె నాకు ఫోన్ చేసింది.
"పాత ఫ్లాపీలు ఉన్నాయా?"
ఉన్నాయి. బీరువా అడుగున బిస్కెట్ల డబ్బాలో.
సగానికి బూజు.
మిగిలిన సగంలో
నేను ఏడు కొట్టిన పేర్లు నాలుగు వందల పన్నెండు.
"మానేసి వీళ్ళంతా ఏమయ్యారు?"
ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు.
నేనూ.

వెతకడం నా ఉద్యోగమైంది.
పొదిలి, మర్రిపూడి, కొనకనమిట్ల,
బస్సు దిగి, ఆటో దిగి, నడిచి.
టీబీ అన్నారయ్యా, మూడు కోర్సులు మింగాడు.
పోయి ఆరేళ్ళు.
కూర్చునే నిద్రపోతాడు, పడుకుంటే ఊపిరాడదు.
మానేసినవాడు ఒక్కడూ దొరకలేదు.

డబ్బంతా ఎటు పోయిందో బయటికి కనపడదు.
రాళ్ళ బిల్డింగు లేదు, శిలాఫలకం లేదు.
ఊపిరి కొలిచే గొట్టాలు,
ఇద్దరు డాక్టరు పిల్లలకి పదేళ్ళ జీతం,
రక్తం దాచే ఫ్రీజరు, మైనస్ ఎనభై.
దానికి రెండు జనరేటర్లు.
కరెంటు సంగతి ఆమె మర్చిపోలేదు.
పరిశోధన కాగితంలో
సొమ్ము ఎవరిదో రాసే చోట
డాక్టర్లు ట్రస్టు పేరు రాస్తే
ఆమె కింద ఒక వాక్యం చేర్చింది:
ఇది ఆ రాళ్ళ తూకంలోంచి వచ్చిన సొమ్ము.

మాలకొండయ్య తన ఎక్స్‌రే తనే కిటికీకి ఎత్తి చూశాడు.
నల్లటి దాంట్లో తెల్ల చుక్కలు.
"గెలాక్సీ! ఫస్టు క్వాలిటీ."
నవ్వాడు. ఆ నవ్వు దగ్గై
అయిదు నిమిషాలు ఆగలేదు.
తర్వాత అడిగాడు,
"ఇంత రగతం తీస్తిరి. నాకు మందు దొరుకుద్దా తల్లీ?"
డాక్టరు పిల్ల నేల చూసింది.
హైమావతి గారు స్టూలు దగ్గరికి జరుపుకున్నారు.
"నీకు దొరకదు మాలకొండయ్యా."
"మరెవురికి?"
"ఇవాళ డ్రిల్లు పట్టినోడికి. అదీ దొరికితే."

జీరు ఎటు పోతుందోనని రాయిని చూసే మేస్త్రీలాగా
చాలాసేపు ఆమె ముఖం చూశాడు.
గొట్టం అందుకున్నాడు.
"ఊదుతా. లెక్క మాత్రం సరిగ్గా రాయించు.
పోయినసారి ఈ ఖాజావలి
నేను మానేశానని రాశాడు."

ఊదాడు.
ఒక లీటరు, మీద కాస్త.
అంకె కొట్టి చూశాను.
పేరు తెర మీదే ఉంది.