పైలట్ పడవ

నేను తాగను.
మొదటి గురువారం అదే చెప్పాను, గుమ్మంలో చెప్పులు విప్పుతూ.
ఎవరూ నవ్వలేదు.
"మేవూ తాగం బాబూ. కూకో," అంది
చేపల గంప ఖాళీ చేసుకుని తిన్నగా వచ్చిన నూకరత్నం.

పాతపోస్టాఫీసు వెనక, కుట్టుమిషన్ల బడి మీద గది.
తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు,
కాలు విరిగినదానికి ఇటుక ఆసరా.
కిటికీ తెరిస్తే రేవు బొగ్గుధూళి, మూస్తే ఉక్క.
తెరిచే ఉంచుతారు.
ఇక్కడ ఇంటిపేర్లుండవు. సలహాలివ్వకూడదు.

నేను రేవులో లెక్కల గుమస్తాని.
దిగిన బస్తాకో నిలువుగీత,
నాలుగు గీతల మీద అడ్డగీత.
ఇరవై రెండేళ్ళలో ఒక్క బస్తా తప్పు పోలేదు.
ఇంట్లోనూ అదే లెక్క:
ఎవరు, ఏ పూట, నన్నేమన్నారు.
గోడకేసి కొట్టిన కంచం సొట్టపడింది,
అన్నం వడ్డిస్తే ఒక పక్కకి ఒరుగుతుంది.
మంగవేణి దాన్ని పారేయలేదు.
నాకే పెడుతుంది.
వీధి మలుపులో నా స్కూటర్ వినపడితే చాలు
ఇంట్లో టీవీ గొంతు తగ్గిపోయేది.

మూడు వారాలు నేను నోరు విప్పలేదు.
ఉక్కు ఫ్యాక్టరీ ఎర్నిబాబు,
ముప్పై ఏళ్ళు కొలిమి ముందు చెమట తప్ప ఏదీ కార్చనివాడు,
చచ్చిపోయిన తమ్ముడి చొక్కా గురించి చెబుతూ
మధ్యలో ఆగిపోయాడు.
"ఏడుపొస్తే ఏడవాల గానీ,
మింగీస్తే అరుగుద్దేటి?" అనేసింది నూకరత్నం.
ఫ్రాంక్లిన్ మాస్టారు అటు చూశారు.
సలహా అయిపోయిందని నాలిక్కరుచుకుని
కొంగు నోట్లో కుక్కుకుంది.
ఎర్నిబాబు ఏడుస్తూనే నవ్వాడు.

నేను ఇరుక్కుపోయింది వేరే చోట.
నీకన్నా పెద్దది ఒకటుందని నమ్ము,
దాని చేతుల్లో పెట్టు, అంటారు.
నాకు దేవుడితో మాటల్లేవు.
మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పట్నుంచీ.
మెట్లు దిగుతూ చెప్పాను నూకరత్నంతో.
"పోనీ నా గంగమ్మని అరువట్టుకెళ్ళు,
నీది నీకు దొరికిందాకా," అంది,
కూరాకు అరువిచ్చినంత తేలిగ్గా.

ఆ వారం నైట్ డ్యూటీ.
బయట నాలుగు రోజులుగా లంగరేసి ఉన్న ఓడ
లోపలికి రావాలి.
చీకట్లో చిన్న పడవ దాని పక్క చేరింది.
తాడు నిచ్చెన పట్టుకుని ఒక మనిషి పైకెక్కాడు.
ఏడు సముద్రాలు దాటొచ్చిన కెప్టెన్
ఈ సన్నటి కాలవలోకి తనంతట తాను రాడు.
డాల్ఫిన్స్ నోస్ కింద రాయెక్కడో, మేటెక్కడో
ఎక్కినవాడికి తెలుసు.
ఓడ కెప్టెన్‌దే. పక్కనే నిలబడతాడు.
దారి మాత్రం తను చెప్పడు.

ఇరవై రెండేళ్ళు కళ్ళముందే జరిగింది.
నేను బస్తాలే చూశాను.

ఏ పేరుతో పిలవాలో తెలీదు.
లెక్కల పుస్తకం మూసి,
ఎవరికీ వినపడకుండా
"ఎక్కు," అన్నాను.

మర్నాడే కండక్టర్‌తో రెండు రూపాయల చిల్లరకి అరిచాను.
అదీ చెప్పాలి కదా.

తర్వాత పుస్తకం తెరిచి మళ్ళీ గీతలు గీశాను,
ఈసారి నా పేరు కింద.
నాలుగు పేజీలొచ్చాయి.
బీచి రాళ్ళ మీద కూర్చుని చదువుతుంటే
ఫ్రాంక్లిన్ మాస్టారు వేరుశనక్కాయలు వొలుస్తూ విన్నారు.
అయిపోయాక పొట్లం నా వైపు జరిపారు.
అంతే.

అమ్మాయికి చెప్పాను, కంచం సంగతి, మిగతావీ.
ఫోన్‌లోంచి తలెత్తకుండా "సరే నాన్నా" అంది.
ఆ సరేకి అర్థం ఇంకా తెలీలేదు.

మొన్న బుధవారం వీధి మలుపులో
స్కూటర్ ఆపకుండానే ఆగి, చెవులప్పగించాను.
టీవీ గొంతు తగ్గలేదు.
నేను వచ్చినట్టు వినపడలేదేమో.
చిన్నగా హారన్ కొట్టాను.

సీరియల్లో అత్తగారు
అరుస్తూనే ఉంది.