నూటికి ఏడు

రేపల్లె పాసింజర్లో
సంచి మూతి ఎంత బిగించినా వాసన ఆగదు.
తెనాలి దాటేసరికి నా చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ.
"ఏముందమ్మా అందులో?" అని ఒకాయన అడిగితే
"చదువు" అన్నాను.
ఆయన నవ్వలేదు.

నిజాంపట్నం షెడ్డులో మా అమ్మ నాంచారమ్మ
ఐసు గడ్డల మధ్య చేతులు పెట్టి
తల తుంచి, తొడుగు ఊడదీసి, నరం లాగి
కిలోకి ఇంతని ఒలిచిన రొయ్యల పెంకులివి.
మాంసం కంటెయినరెక్కి సముద్రం దాటింది.
మీసాలున్నోళ్ళంతా మొనగాళ్ళయితే
రొయ్యకు లేదా బారెడు మీసమని
మా ఊళ్ళో వెక్కిరిస్తారు గానీ,
గుంటూరులో, మా కాలేజీ మూడో అంతస్తులో
నాలుగేళ్ళుగా నేను తిరుగుతున్నది ఆ మొనగాడి వెనకే.

యాసిడ్‌లో వేస్తే బుసబుసా పొంగి సున్నం పోతుంది.
కాస్టిక్ సోడాలో మరిగిస్తే
మిగతా పొగరంతా దిగుతుంది.
బాజీ కిటికీలన్నీ తెరుస్తాడు,
యార్డు వైపు నుంచి మిరప ఘాటు లోపలికొస్తుంది,
ఇద్దరం తుమ్ముతాం.
చివరికి మిగిలేది గుప్పెడు తెల్లటి పొట్టు,
కైటోసాన్.
వట్టి నీళ్ళలో కరగదు. పులుపుంటేనే లొంగుతుంది.
రక్తం రుచి తగిలితే మళ్ళీ మొండికేస్తుంది.
అందుకే దానికి ఆర్జినిన్ అంటు కట్టాను,
నూజివీడు తోటలో కొమ్మకి కొమ్మ కట్టినట్టు.
తొమ్మిదిసార్లు పట్టలేదు.

పుస్తకంలో రెండు మాటలున్నాయి:
రుణావేశం, ధనావేశం.
జన్యువుకి నిలువెల్లా రుణం.
కాస్టిక్‌లో కాలి వచ్చిన పెంకుకి ధనం.
షెడ్డు మేస్త్రీ పుస్తకంలో అమ్మ పేరు కింద
నా పదో తరగతి నాటి అడ్వాన్సు ఇంకా తెగలేదు.
రుణం కనపడగానే
ధనం తనంతట తాను వెళ్ళి వాటేసుకోవడం
ఈ గాజు గొట్టంలో తప్ప నేనెక్కడా చూడలేదు.

వాటేసుకుంటే చాలదు మరి.
వదులుగా పట్టుకుంటే దారిలోనే చెదిరి
ఎంజైముల పాలవుతుంది.
మరీ బిగించి పట్టుకుంటే
చేరాల్సిన చోటు చేరాక కూడా వదలదు,
అప్పిచ్చినవాడిలా.
"వైరస్‌కి ఇదంతా వెన్నతో పెట్టిన విద్య" అంటారు ఫిలోమినా మేడం.
"కానీ దొంగ చేతికి తాళాలిచ్చి పంపితే
ఒళ్ళు ఊరుకుంటుందా, ఊరంతా లేపుతుంది.
నీ రొయ్యకి దొంగబుద్ధి లేదు. అందుకే ఆలస్యం."

కణం దాన్ని అన్నం ముద్దనుకుని మింగుతుంది.
లోపల పుల్లటి చిన్న సంచి.
చాలావరకు అక్కడే అరిగిపోతాయి.
ఒకటో రెండో ఆ పులుపుని తాగి తాగి
సంచి ఉబ్బి పగిలేదాకా ఓర్చుకుని
బయటపడాలి.
ఇది నేను చూసింది కాదు,
లెక్కల్లోంచి ఊహించుకున్నది.
మే నెలలో కరెంటు పోయి
ఇంక్యుబేటర్లో కణాలన్నీ చచ్చిన రాత్రి
ఆ ఊహ కూడా లేదు.
తెల్లారేదాకా బాజీ జనరేటర్ తాడు లాగుతూనే ఉన్నాడు.

మొన్న శుక్రవారం చీకటి గదిలో
మైక్రోస్కోపు కింద ఒక ఆకుపచ్చ చుక్క.
కాసేపటికి దాని పక్కన ఇంకోటి.
మోసుకెళ్ళిన జన్యువుని కణం చదివి
చదివాననడానికి పెట్టిన దీపం అది.
అద్దం తుడిచి మళ్ళీ చూశాను.
లెక్కపెట్టాను. నూటికి ఏడు.

ఫోన్లో అమ్మకి చెప్పాను.
వెనక ఐసు పగలగొడుతున్న చప్పుడు.
"నూటికి ఏడా?
మా మేస్త్రీ అయితే కూలి కోసేవాడు" అంది.
కాసేపాగి,
"ఆ ఏడూ మన పెంకులవేనా?"

అవునన్నాను.

"అయితే ఈసారి పెద్దవి ఏరి పెడతాలే,
ముళ్ళు గుచ్చుకున్నా తెలీదు నాకు,
ఐసుకి వేళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి."
పెద్దవైనా చిన్నవైనా
కాస్టిక్‌లో అన్నీ ఒకటేనని చెప్పబోయాను.
చెప్పలేదు.