గాలి బాకీ

ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా
లారీలకు ముఖాలు కడుతున్నాను.
పలక లాంటి ముఖాలు, నిటారు నుదుళ్లు,
నుదుటి మీద ఓనరు కూతురి పేరు.
గాలికి చదువు రాదు.
ఆ పేరు మీదే అరచెయ్యి మోపి
తోస్తుంది.

మొగిలయ్య సిగరెట్ అట్ట వెనక లెక్క రాస్తాడు.
సూర్యాపేట పోయి రావడానికి డీజిలు ఇంత,
టోలుకింత, చాయ్‌కింత, పోలీసుకింత.
గాలికింత అని ఏనాడూ రాయలేదు.
"గాలికి పైసలేందన్నా, ఉత్తదే గద."
ఉత్తదే.
హైవే ఎక్కాక మూడు లీటర్లలో ఒకటి తాగి
మూతి తుడుచుకునేది మరెవరు?

పక్క సందులో దర్జీ షమీమ్ ఆపాను అడిగి
మిగిలిన ఎర్ర ఊలు తెచ్చాను.
జానెడు జానెడు ముక్కలు, నూట పన్నెండు.
క్యాబిన్ మీద, టార్పాలిన్ మీద, వెనక తలుపు మీద
టేపు వేసి అతికించాను.
"పెండ్లికి పోతున్నమా?" అన్నాడు మొగిలయ్య.

ఔటర్ మీదికి బైకుల్ని రానివ్వరు.
గౌస్ జీపు అడుక్కుని, తెల్లవారకముందే
పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కి
లారీ పక్కనే పోతూ చూశాను,
మొదటిసారి, గాలిని.

తలుపుల పక్క దారాలు తడి వెంట్రుకల్లా అంటుకుపోయాయి.
క్యాబిన్ పైఅంచు దాటగానే లేచి నిలబడ్డాయి.
క్యాబిన్‌కీ సరుకుకీ మధ్య సందులో
గిర్రున తిరుగుతున్నాయి, దారి తప్పి.
కొంచెం వెనకబడి చూస్తే
వెనక తలుపు మీదవి
ఎటూ పోలేక వాటిలో అవే చిక్కుపడుతున్నాయి.

ఇన్నాళ్లూ తోసే చెయ్యినే తిట్టాను.
లాగే చెయ్యి వెనకుంది.
లారీ ఖాళీ చేసి పోయిన చోటు
దాని చొక్కా అంచు పట్టుకుని
వదలడం లేదు.

ఘట్‌కేసర్ దగ్గర వంతెన కింద
బొగ్గు దించేసిన గూడ్సు తిరిగి పోతోంది.
మౌలాలి షెడ్డులో ఫిట్టరు, మా బావ వెంకటనర్సు అనేవాడు:
నిండు పెట్టెల కంటే ఉత్త పెట్టెలకే
గాలి గట్టిగా తగులుతుందని,
ఒక్కోదాంట్లోకీ దూకి, ఎక్కి, మళ్లీ దూకుతుందని.
తాగి వాగుతున్నాడనుకున్నాను.

ఫైబరుతో నెత్తిన ఒక టోపీ చేశాను,
తాబేలు వీపులా ముందుకు వాల్చి.
ఓనరు చుట్టూ తిరిగి చూసి
"మరి పాప పేరెక్కడ?" అన్నాడు.
వంపు మీదే రాయించాను. అక్షరాలు కొంచెం వాలాయి.

నాలుగు ఇచ్చే బండి నాలుగుంపావు ఇచ్చింది.
సూర్యాపేట పోయొచ్చేసరికి మూడున్నర లీటర్లు.
మొగిలయ్య అట్ట మీద కొత్త గీత గీసి
"గాలి తిరిగిచ్చింది" అని రాశాడు.
ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలియక
పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు.

వెనక ఖాళీకి ఇంకా మందు దొరకలేదు.
నాలుగు రేకులు లోపలికి వంచి బిగిస్తానంటే
హమాలీలు ఒప్పుకోరు, చేతులు తెగుతాయట.
న్యాయమే.

తలుపు మీద ఒక్క దారం పీకకుండా వదిలాను.
లారీ ఆగి ఉన్నప్పుడు
అది షమీమ్ ఆపా ఊలు ముక్క,
అంతే.