యాభై బొమ్మల వేగం

తాంపెరెలో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
ట్రామ్ డ్యూటీ దిగి ఇలారి వచ్చేసరికి
వంటగది బల్ల మీద నా నాలుగు వారాల పని సిద్ధంగా ఉంది.
రా, చూడు, అన్నాను. మన నక్క.

మొదటిసారి ఎమ్యులేటర్‌లో తెరిచినప్పుడు
ఉతికి ఇస్త్రీ చేసినట్టు వచ్చిందది.
ప్రతి చుక్కా చతురస్రం. ప్రతి అంచూ బ్లేడు.
జలపాతమైతే జైలు కటకటాలే,
ఒక గీత నీలం, ఒక గీత ఖాళీ.
గీసినవాళ్లకి తెలుసు:
యాంటెనా తీగలోంచి పోయేటప్పుడు
ఆ గీతలు ఒకదాన్లోకొకటి కారి
నీళ్లవుతాయని.
సగం బొమ్మ గీసి
మిగతా సగం గాజుకి వదిలేశారు.

అందుకని, నేను మురికి చేయడం మొదలుపెట్టాను.
వరసకీ వరసకీ మధ్య సన్నటి చీకటి పరిచాను.
తెలుపు ఉన్నచోట ఆ చీకటి పలచబడాలి,
తెలుపు పొంగాలి, పొయ్యి మీద పాలలా.
ఎరుపు తన గీత దాటి పక్కవాడి జాగాలోకి జరగాలి.
వెడల్పు కోశాను. మూలలు కొంచెం వంచాను.
ఒకరోజు రాత్రి రెండింటికి
నీళ్లు నీళ్లయ్యాయి.
ఎవరికి చెప్పను, ఆ వేళప్పుడు?

ఇలారి కోటు విప్పకుండానే ఆడాడు.
మూడు దూకులు, మూడు చావులు.
మంచుగడ్డ దాకా వెళ్లకముందే నక్క నీళ్లలో.
"బొమ్మ బాగుంది మార్యుత్," అన్నాడు,
"కానీ ఇది మన నక్క కాదు.
దీనికి తొందరెక్కువ."

ఆ పూట అతనికి కాఫీ పోయలేదు.

తర్వాత, పళ్లు తోముకుంటుంటే తట్టింది.
నేను పెట్టింది జపాన్ వాళ్ల ఆట,
సెకనుకి అరవై బొమ్మలు.
మన టీవీలకి యాభయ్యే.
సరిచేసే ఓపిక ఎవరికీ లేక
ఆ లోకాన్ని అలాగే మనకి అమ్మేశారు,
ఆరోవంతు నెమ్మదిగా,
పైనా కిందా నల్ల పట్టీలతో,
ఎవరో మీద కూర్చున్నట్టు అణిగిపోయిన నక్కతో,
మోకాటిలోతు మంచులో నడిచే పాటతో.

తప్పే.
కానీ మేము పెరిగింది ఆ తప్పులోనే.

మర్నాడు యాభైకి తిప్పాను.
ఇలారి బొటనవేలు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.
మంచుగడ్డ, మంచుగడ్డ, దుంగ, ఒడ్డు.
ముప్పైరెండేళ్లు ఆ వేలు
ఎక్కడ దాచుకుందో ఆ గాలి బరువుని.

కుడివైపు పైన, మబ్బు దగ్గర, ఆట ఆపాడు.
అక్కడ నిమ్మకాయంత ఊదారంగు మరక,
చుట్టూ పాచి పచ్చ.
అదీ వేశాను మరి, అసలు టీవీకి ఉండేది కదా.

"ఫ్రిజ్ అయస్కాంతం," అన్నాడు మెల్లగా.
"నాన్న నన్ను రెండు వారాలు ఆడనివ్వలేదు.
నేను కాదంటే ఒక్కరూ నమ్మలేదు.
ఆ మరక ఏ మూలనుండేదో
నాకే గుర్తులేదు.
నీకు మాత్రం అంగుళం తేడా రాలేదు."

గుమ్మడికాయ దొంగ అని ఎవరూ అనకముందే
నా భుజం నేనే తడిమి, రంగులద్ది,
తెర మీద పెట్టుకున్నాను.

"కప్ప బొమ్మదేనా?" అన్నాడు.
"కప్పదే."

రెండో కంట్రోలర్ నా చేతిలోంచి తీసుకుని
తీగ నీటుగా చుట్టి
ఫ్రిజ్ మీద, నాకందనంత వెనక్కి తోసి,
మళ్లీ కూర్చున్నాడు.
"రెండు వారాలు," అన్నాడు.